గీతల్లో కలిపిన చీమల మందు

ఆటలన్నాక దెబ్బలు తగలవా అనే మాట నేను ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే విన్నాను. రిటైరైన రోజు సన్మానసభలో కూడా ఒక పెద్దమనిషి అదే అన్నాడు, అది కూడా నన్ను పొగుడుతూ. "ఈయన చేతికింద ఆడిన పిల్లల మోకాళ్లు చూడండి, మచ్చలుంటాయి. ఆ మచ్చలే మెడల్సు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మెడలో దండతో కూర్చున్న నాకు ఒక అమ్మాయి గుర్తొచ్చింది. నావల్ల ఆ అమ్మాయికి జరిగినదానికి ఒంటిమీద మచ్చ పడలేదు. పడి ఉంటే బాగుండేది, కనీసం చూపించుకోవడానికి ఉండేది.

కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చిన కుర్రవాళ్లు చదువుతారని ఇది రాస్తున్నాను. మీ దగ్గర ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఉంటుంది, జేబులో ఫోను ఉంటుంది, మోకాళ్లకు వేసే పట్టీలుంటాయి. మా బీరువాలో టింక్చరు సీసా, దూది ఉండేవి. మీకు వసతులు పెరిగినందుకు సంతోషం. అయితే నేను చేసిన తప్పు పెట్టె లేకపోవడం వల్ల జరగలేదు. పిల్లల్ని కాపాడదామనే చేశాను. అందుకే చెప్పడం.

తొంభైల చివరి మాట. చిలకలూరిపేటకూ మార్టూరుకూ మధ్య, హైవే నుంచి లోపలికి వెళ్తే వచ్చే ఒక ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూలు. నేను అక్కడ డ్రిల్లు మాస్టారిని. చుట్టూ నల్లరేగడి, వానొస్తే బురదలోంచి చెప్పు ఊడిరాదు, ఎండొస్తే చెయ్యి పట్టేంత నెర్రెలు. స్కూలు గోడకు మూడు వైపులా పత్తి చేలు, నాలుగో వైపు మిరప.

అప్పటికి నాకు వాదనలంటే మహా ఇష్టం. హేతువాద సభలకు తిరిగినవాణ్ని. స్వాముల్నీ, తాయెత్తుల్నీ, వాస్తునీ పదిమందిలో నిలబెట్టి రుజువు చూపించమనేవాణ్ని. స్కూల్లో ఆటల పోటీలకు ముందు కొబ్బరికాయ కొట్టే అలవాటు మాన్పించాను. ఆడపిల్లలకు కబడ్డీ టీము పెట్టించాను. అదైతే పెద్ద గొడవే అయింది. "ఆడపిల్ల ప్యాంటు మడిచి కూతేస్తే ఇంక మేమెందుకు మాస్టారూ, చీరలు కట్టుకుంటాం" అని రచ్చ దగ్గర ఒకాయన దెప్పాడు. "కట్టుకోండి, పొలం పని అందులో ఇంకా బాగా చేస్తారు, మీ ఆడవాళ్లు చేస్తున్నట్టు" అన్నాను. ఆయన నాతో రెండు నెలలు మాట్లాడలేదు. వాళ్ల అన్నల ప్యాంట్లు మోకాళ్ల దాకా మడుచుకుని పన్నెండు మంది ఆడపిల్లలు మాత్రం గ్రౌండులోకి దిగారు.

వాళ్లలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె. ఒక కౌలురైతు కూతురు. సన్నగా ఉండేది, కూత మాత్రం తెగేది కాదు. అవతల కోర్టులో ఇద్దర్ని తాకి, మూడోదాన్ని ఊరించి, తాపీగా తిరిగొచ్చేదాకా "కబడ్డీ కబడ్డీ" ఒకే ఊపిరి మీద నడిచేది. రైడ్‌కి వెళ్లే ముందు వంగి మధ్య గీతను వేళ్లతో తాకి కళ్లకద్దుకునేది. అది చూసినప్పుడల్లా నాకు వాదన పుట్టుకొచ్చేది.

"ఏమ్మా, ఆ గీత నీకు పాయింట్లిస్తుందా?"

"మీరు గీయించిన గీతే గదండీ. మీకే దణ్ణం పెడుతున్నాననుకోండి."

మిగతా పిల్లలు కిసుక్కుమనేవాళ్లు. నేను ఓడిపోయిన వాదనల్లో అదొకటి.

ఆ ఏడు మండలం ఆటల పోటీలు మా స్కూల్లో పెట్టారు. అక్టోబరు వానలు వెనకబట్టాయి, నెర్రెల్లోంచి చీమలు లేచాయి. ఎర్రచీమలు. కబడ్డీలో పట్టినవాళ్లు నేలమీదే పడుంటారు కదా, రైడర్‌ని వదలకూడదు. ఒకరోజు అట్లా కాలు పట్టుకుని పడుకున్న ఏడో తరగతి పిల్లను చీమలు మెడ దగ్గర్నుంచి నడుము దాకా కుట్టాయి. ఆ పిల్ల ఏడుస్తూనే కాలు వదల్లేదు. సాయంత్రానికి మెడ వాచింది. మర్నాడు వాళ్లమ్మ వచ్చి "ఆటలకని పంపితే చీమలకు మేపుతున్నారా" అని అడిగింది.

నేరుగా ఎరువులు, పురుగుమందుల షాపుకి పోయాను. షాపాయన మంచివాడు, స్కూలుకి ఏది కావాలన్నా లేదనడు.

"చీమలకా? అదెంత పని మాస్టారూ. మిరప కళ్లాల చుట్టూ చల్లేది ఇదేగా" అని మూతి విప్పి ఉన్న సంచిలోంచి తెల్ల పొడి తోడి ప్లాస్టిక్ కవర్లో పోశాడు.

"పిల్లలకేం కాదుగా?"

"మా ఇంట్లో గుమ్మానికి అటూఇటూ పోస్తాం. మా మనవడు దానిమీదే పాకుతున్నాడు, ఏనుగు పిల్లలాగా ఉన్నాడు."

ఊరూరా తిరిగి రుజువేదీ అని నిలదీసేవాణ్ని, ఒక మనవడు పాకుతున్నాడంటే చాలనుకున్నాను. సంచి మీద ఏం రాసుందో చూడలేదు. అసలు ఆ సంచిమీద కాగితమే లేదని తర్వాత తెలిసింది. ఖాళీ అయిన వేరే సంచిలోకి గుమ్మరించి పెట్టిన సరుకది.

గీతలకు మేము ముగ్గు కొనేవాళ్లం కాదు. మార్టూరు వైపు రాళ్లకు పాలిష్ పెట్టే షెడ్ల దగ్గర తెల్లటి రాతిపొడి గుట్టలుగా పడుండేది, ఎవరైనా తెచ్చుకోవచ్చు. తట్టలో ఆ పొడీ ఈ పొడీ పోసి, చేతులతో కలిపాను. అటెండరుని రానివ్వలేదు, కొలత తప్పుతాడని. జానెడు వెడల్పున గీతలు పోశాను, కోర్టు లోపల కూడా పలచగా చల్లాను. రెండో రోజుకి చీమ లేదు. పక్క స్కూలు డ్రిల్లు మాస్టారు చూడ్డానికొస్తే చెయ్యూపుతూ చూపించాను. "కొబ్బరికాయ కొడితే చీమలు పోతాయా? బుర్ర వాడితే పోతాయి" అన్నాను. ఆ మాట నేనన్నట్టు ఆయన చాలాకాలం గుర్తుపెట్టుకున్నాడు. నేనూ మర్చిపోలేదు.

పోటీలకు మూడు రోజులుంది. ప్రాక్టీసు జోరుగా సాగింది.

మొదటి రోజు సాయంత్రం మా రైడర్ అమ్మాయీ, ఇంకో పిల్లా తలనొప్పన్నారు. ఎండ, అన్నాను. రెండో రోజు ఆ అమ్మాయే మళ్లీ వచ్చి, "సార్, కూత నిలవట్లేదు. నోట్లో ఊరికే నీళ్లూరుతున్నాయి" అంది.

"చింతకాయలు తిని వచ్చావా?"

"లేదండీ. చూపు కూడా మసగ్గా ఉంటంది. బోర్డు కనపట్టంలా."

"అన్నం తినకుండా వస్తే అంతే. గ్లూకోజు నీళ్లు తాగి పడుకో."

చూడండి, ఆ పిల్ల ఎంత స్పష్టంగా చెప్పిందో. ఏ డాక్టరు అడిగినా అంతకన్నా బాగా చెప్పలేరు. చెప్పింది నాకు కాబట్టి వృథా అయింది. పోటీల పొద్దున మళ్లీ వచ్చి, వాంతి వచ్చేట్టుంది, ఈ ఆటకు వేరేవాళ్లను దింపండి అంటే కసిరాను. "ఊరంతా ఆడపిల్లలు ఆడలేరని నా మీద పడుతుంటే, నువ్వే ఇట్లా జారుకుంటే ఎట్లా?" అన్నాను. ఆ పిల్ల తల వంచుకుని వెళ్లి లైన్లో నిలబడింది. నా ఉద్యమం కోసం నిలబడింది.

ఆట మొదలైంది. మూడో రైడ్‌కి వెళ్తూ గీతను తాకి కళ్లకద్దుకుంది. అవతలి కోర్టులో రెండడుగులు వేసిందో లేదో కూత తెగింది. నిలబడిపోయింది. నోట్లోంచి చొంగ కారుతోంది. చెంపలమీద, చేతులమీద కండరాలు తాళ్లు లాగినట్టు అదురుతున్నాయి. అట్లాగే మోకాళ్లమీద కూలింది.

ఒక ముసలామె పరుగెత్తుకొచ్చి "దిష్టి, దిష్టి కొట్టింది పిల్లకి" అంటూ కొంగులోంచి ఎండుమిరపకాయలు తీసింది. నేను ఆవిడ చెయ్యి పక్కకు తోసి, పిల్లను ఎత్తుకుని రోడ్డుమీదికి పరుగెత్తాను. జిన్నింగు మిల్లుకి పత్తి బోరాలు వేసుకెళ్తున్న వ్యానొకటి ఆపి ఎక్కించాను. ఆ క్షణాన నామీద నాకు గౌరవం కూడా కలిగింది. దిగదుడుపులతో టైము పోనివ్వలేదని.

వ్యానులో మాతోపాటు ఎక్కిన ఒకావిడ ముక్కు మూసుకుని, "మందు కంపు కొడతంది మాస్టారూ" అంది.

కార్తీకంలో పత్తిచేలకు పురుగుమందు కొట్టే రోజులు, మా ఊళ్లో గాలే ఆ వాసన. మా ముక్కులు ఎప్పుడో లొంగిపోయాయి. ఆవిడ అన్నాక వంగి వాసన చూశాను. నిజమే, పిల్ల బట్టల్లోంచే వస్తోంది. పొద్దున కసిరాను కదా. నేను తిట్టినందుకే చేసిందా ఈ పని?

"ఏమన్నా తాగావా తల్లీ?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. "తాగలేదు సార్" అంది. నోట్లో ఊరే నీళ్లమధ్య ఆ రెండు మాటలు అనడానికి ఎంతో కష్టపడింది.

నేను నమ్మలేదు.

పత్తి పండే ప్రాంతం బయటివాళ్లకి ఇది కొంచెం చెప్పాలి. ఆ రోజుల్లో పురుగు పత్తిని తింటే, అప్పు రైతుని తినేది. మా చుట్టుపక్కల ఊళ్లలో మందు తాగడమంటే ఏమిటో పసిపిల్లలకు కూడా తెలుసు. చొంగ కారుతూ, ఒళ్లదురుతూ, మందు వాసనతో ఎవరినైనా మంచంమీద మోసుకొస్తే ఎవరూ ఏమైందని అడగరు. ఎందుకు తాగారనే అడుగుతారు. అదే ఆడపిల్లయితే ఎవరికోసం అని అడుగుతారు.

టౌనులో డాక్టరు చూసిన వెంటనే అట్రోపిన్ ఇంజక్షన్ పొడిచాడు, గొట్టం వేసి కడుపు కడిగాడు. నర్సుల చేత ఒళ్లంతా సబ్బుతో కడిగించి బట్టలు మార్పించాడు. ఆ సీజనులో ఆయనకు రోజూ అదే పని. పిల్ల ఊపిరి కాస్త తేరుకున్నాక బయటికొచ్చి, "బతికే అవకాశం ఉంది. ఇరవై నాలుగు గంటలు చూడాలి. ఏ మందు తాగిందో డబ్బా తెచ్చి చూపించండి" అన్నాడు.

అప్పటికే తల్లీ తండ్రీ, మేనత్త, ఊళ్లోవాళ్లు పదిమంది ట్రాక్టరు మీద వచ్చేశారు. తల్లి గోడకు ఆనుకుని జారిపోయింది. తండ్రి మెట్ల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మేనత్త అందుకుంది.

"ఎవుడంట? అది కనుక్కోండి ముందు. ప్యాంటేసుకుని మొగపిల్లల ముందు కూతలేసేదానికి ఇట్టాంటివే వస్తాయి. నేను చెప్తానే ఉన్నా."

"గమ్మునుండక్కా" అన్నాడు తండ్రి. తర్వాత నేలవంక చూస్తూ, "లేచి నడిస్తే చాలు. ఇంక బడీ వద్దు, ఏమీ వద్దు. పెద్దపరీక్షల దాకా ఆగేది లేదు. మా బామ్మర్ది ఊళ్లో సంబంధం ఉందన్నారు, కానిచ్చేస్తాం" అన్నాడు.

పద్నాలుగేళ్ల పిల్ల. లోపల ముక్కులో గొట్టంతో పడుకుని ఉంది. బయట ఆమె బతుకు ఎట్లా ఉండాలో తేలిపోయింది.

పోలీసులకు పంపే కాగితం నర్సు తెచ్చింది. తండ్రికి చదువు రాదు. "మాస్టారూ, చదివి వినిపించండి, వేలిముద్ర వేయించుకుంటాను" అంది. కాగితం పట్టుకున్నాను. అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. దూరం పెట్టాను, దగ్గర పెట్టాను. లైటు కిందికి వెళ్లాను. అప్పుడు సాయంత్రం నాలుగే అయింది, కిటికీలోంచి ఎండ పడుతోంది, నాకు మాత్రం మసక చీకటిగా ఉంది.

డాక్టరు అటుగా పోతూ ఆగాడు. "ఏం మాస్టారూ, కళ్లజోడు మర్చిపోయారా?"

"నాకు జోడు లేదండీ. రెండు రోజులనుంచీ చూపు..."

ఆయన నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి టార్చి వేశాడు. ఒక కన్ను, తర్వాత రెండో కన్ను. ఆయన ముఖం మారింది.

"కంటిపాపలు సూదిమొనల్లా ఉన్నాయి. ముక్కు కారుతోందా? చెమటలా? మీరు కూడా తాగారా ఏమిటి?"

"నేనెందుకు తాగుతానండీ?"

"అదే అడుగుతున్నాను. ఆ పిల్ల కడుపు కడిగితే పొద్దున తిన్న అన్నం తప్ప ఏమీ రాలేదు. వాసన ఒంటిమీదుంది, కడుపులో లేదు. ఇప్పుడు మీ కళ్లు ఇట్లా ఉన్నాయి. మీరిద్దరూ కలిసి దేన్ని ముట్టుకున్నారు?"

నేను నా చేతులు చూసుకున్నాను. తట్టలో కలిపిన చేతులు. అంతా ఒక్కసారిగా కళ్లముందు నిలబడింది. గీతల మీద పడి దొర్లే పిల్లలు, చెమటకు అంటుకున్న పొడి, గీరుకుపోయిన మోకాళ్లు, రోజుకు ఇరవై ముప్పైసార్లు గీతను తాకి ఆ వేళ్లే కళ్లకద్దుకున్న ఆ అమ్మాయి.

చెప్పాను. డాక్టరు టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నాడు.

"చీమని చంపేది మనిషిని ఏం చేస్తుందని ఎవర్నీ అడగలేదా?"

"అడిగానండీ. షాపాయన్ని."

"పత్తికి చల్లే పొడిమందు అది. చర్మంలోంచే ఎక్కుతుంది. కోర్టులో ఇంకెంతమంది ఉన్నారు?"

హెడ్మాస్టారు గారు అప్పుడే స్కూటరు దిగి లోపలికొస్తున్నారు. ఇంక ఆర్నెల్లలో రిటైరయ్యే మనిషి, నన్ను చాలాసార్లు కాపాడినవాడు. పక్కకు తీసుకెళ్లి చెప్పాను. ఆటలు ఆపించి, కబడ్డీ ఆడిన ప్రతి పిల్లకూ పిల్లాడికీ సబ్బుతో స్నానం చేయించి, బట్టలు మార్పించి, తల తిరిగినవాళ్లను వెంటనే ఇక్కడికి పంపమన్నాను. ఆయన చటుక్కున ఎస్టీడీ బూత్‌కి పోయి స్కూలుకి ఫోను చేయించి, పని పురమాయించి తిరిగొచ్చారు. గొంతు తగ్గించారు.

"అదంతా చేస్తారు. నేనూ ఇప్పుడే వెళ్తున్నా. కానీ ఎందుకు స్నానాలు చేయిస్తున్నామో ఎవరికీ చెప్పక్కర్లేదు. చీమలకని చెబుదాం."

"మరి ఈ పిల్ల సంగతి?"

"డాక్టరుగారితో నేను మాట్లాడతాను. పిల్ల బతుకుతోంది గదయ్యా. ఊరు ఎట్లాగూ ఒకటి అనుకుంది. నువ్వు నోరు విప్పావంటే సస్పెన్షను, కేసు. నీకు ముగ్గురు పిల్లలు."

ఆయన దుర్మార్గుడు కాదు. నా కోసమే అన్నాడు. పిల్లల ఒళ్లు కడగడానికి ఆయనే వెనక్కి పరుగెత్తాడు కూడా. ఆ సాయంత్రం ఇంకో ముగ్గురిని ఆసుపత్రికి పంపి, అందరూ తేరుకునేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టలేదట.

ఆయన వెళ్లాక బెంచీమీద కూర్చున్నాను. అరగంట కూర్చున్నాను. ఈ అరగంట గురించి ఎవరికీ చెప్పకుండా దాటేయవచ్చు, నా బదులు ఇంకొకరు రాస్తే దాటేస్తారు. ఆ అరగంటలో నేను ఏమీ గొప్పగా ఆలోచించలేదు. మా ఆవిడ ముఖం, హేతువాద సభలో నన్ను చూసి నవ్వే ముఖాలు, రచ్చ దగ్గర ఆ పెద్దమనిషి. రేపు ఈ గ్రౌండు ఏమవుతుంది, ఆడపిల్లల టీము ఏమవుతుంది అని కూడా ఆలోచించాను, తప్పు దాచుకోవడానికి ఉద్యమాన్ని కూడా అడ్డం పెట్టుకోబోయాను. ఇట్లాంటప్పుడు మనిషి బుర్ర చాలా చక్కగా పనిచేస్తుంది. ఎన్ని కారణాలు కావాలంటే అన్ని తెచ్చిస్తుంది.

మెట్ల దగ్గర మేనత్త గొంతు వినిపించింది. "రేపే పోయి వాళ్లతో మాట్లాడొద్దాం. ఆలస్యమైతే ఈ సంగతి వాళ్ల చెవిన పడిద్ది, చేసుకోరు."

లేచి వెళ్లాను. తండ్రి ఎదురుగా నిలబడ్డాను.

"మీ పిల్ల ఏమీ తాగలేదు. ఎవరికోసమూ తాగలేదు. కబడ్డీ గీతల్లో చీమల మందు కలిపాను నేను. దానిమీద దొర్లితే ఒంట్లోకి ఎక్కింది. మూడు రోజులుగా బాగాలేదని చెబుతూనే ఉంది, నేను వినలేదు. పొద్దున ఆడలేనంటే తిట్టి ఆడించాను."

గోడ దగ్గరున్న తల్లి ఒక్కతే తలెత్తింది. "తాగలేదా?" అంది.

"తాగలేదమ్మా."

"తాగలేదా పిల్ల?" అని మళ్లీ అడిగింది, నన్ను కాదు, పక్కనున్న అందర్నీ. కొంగు కూడా సర్దుకోకుండా లోపలికి పరుగెత్తింది.

తండ్రి లేచి నా చొక్కా కాలరు పట్టుకున్నాడు. గట్టి చెయ్యి. కొడతాడనుకున్నాను, కొట్టాలనే కోరుకున్నాను. కానీ ఆయన నన్ను అట్లాగే పట్టుకుని, "ఏ మందు?" అన్నాడు.

"షాపాయన ఇచ్చాడు. తెల్లపొడి."

"వెల్లుల్లి కంపు కొట్టిద్ది, అదేనా? మూతి విప్పిన సంచిలోది?"

"అదే."

కాలరు వదిలాడు. తన అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు.

"అది నేను పల్చటి గుడ్డసంచిలో పోసి, కర్రకి కట్టి, తట్టుకుంటా చల్లుతున్నా మాస్టారూ. మూడేళ్లనుంచి. పొద్దున్నే, మంచు మీద. గాలి ఎటు తిరిగితే అటు నా మొహానే కొట్టిద్ది. సాయంత్రానికి తల పగిలిపోద్ది, కళ్లు కనపడవు. ఎండకనుకున్నా."

ఆయన ఎండ అన్నాడు. నేనూ పిల్లలతో అదే అన్నాను. మా ఇద్దరి నెత్తిన ఒకే సూర్యుడు, పాపం, అన్ని నేరాలూ మోశాడు.

గుమ్మంలో నిలబడి వింటున్న డాక్టరు టార్చి పట్టుకుని వచ్చి, "ఇటు రా అయ్యా, నీ కళ్లు కూడా చూపించు" అన్నాడు. పోలీసుల కాగితం నర్సు చేతిలోంచి తీసుకుని, 'మందు తాగిన' అన్నచోట కొట్టేసి, వేరే మాట రాశాడు. మేనత్త గోడవైపు చూస్తూ, "అయితే పిల్లకి బొప్పాయి పండన్నా పట్టుకొద్దునే" అంది. ఆవిడ క్షమాపణ అది.

తర్వాతి సంగతులు ఎక్కువ లేవు. పిల్లలందరూ కోలుకున్నారు, ఇంజక్షన్లు వేయించుకున్నాక నా చూపూ సర్దుకుంది. కోర్టు పైమట్టి అంతా చెక్కించి, దూరంగా గొయ్యి తీయించి పూడ్పించాం. ఈసారి చేతులకు తొడుగులేసుకుని. నా చేత వివరణ రాయించారు. హెడ్మాస్టారు గారు దయతో ఒక ముసాయిదా తయారుచేసి ఇచ్చారు, అందులో 'ప్రమాదవశాత్తు' అని మూడుచోట్ల ఉంది. ఆ మాట నాకు చిరాకు. తలరాత అనడానికి సిగ్గుపడే చదువుకున్నవాళ్లు ప్రమాదవశాత్తు అంటారు. మూడు చోట్లా కొట్టేసి 'నేను విచారించకుండా కలిపినందువల్ల' అని రాశాను. మెమో వచ్చింది. ఏడాది తిరిగేసరికి సింగరాయకొండ అవతలికి బదిలీ వచ్చింది. షాపాయన మాత్రం నేను కనిపించినప్పుడల్లా "అందరికీ అదే ఇచ్చాను మాస్టారూ, ఒట్టు" అనేవాడు. నిజమే. అందరికీ అదే ఇచ్చాడు.

అసలు చెప్పాలనుకున్నది ఇంకా ఉంది. మూడో రోజు ఆసుపత్రికి వెళ్లాను. అమ్మాయి దిళ్లకు ఆనుకుని కూర్చుని బొప్పాయి ముక్కలు తింటోంది. తల్లి మందులకని బయటికెళ్లింది. నేను తెచ్చుకున్న మాటలన్నీ చెప్పాను, తప్పు నాది, నన్ను క్షమించు అన్నాను. పిల్ల మర్యాదగా విన్నది. తర్వాత అడిగింది.

"సార్, నేను తాగలేదని మీకు ఎప్పుడు తెలిసింది?"

"డాక్టరుగారు నా కళ్లలో టార్చి వేసినప్పుడు."

"అంతకు ముందు?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. "అంతకు ముందు తాగావనే అనుకున్నాను."

"వ్యానులో చెప్పాగదండీ మీకు."

"చెప్పావు."

"అమ్మంటే పొలంలో ఉంటది, నాన్నకి తెలవదు. మీరు రోజూ చూస్తా ఉంటారుగా నన్ను."

దీనికి నేను ఈ రోజుకీ జవాబు వెతుకుతున్నాను. రుజువు కావాలి, రుజువు కావాలి అని ఊళ్లు తిరిగిన మనిషిని. కడుపులోంచి వచ్చిన అన్నం మెతుకులు రుజువుగా కనిపించాయి, నా కంటిపాపలు రుజువుగా కనిపించాయి. మూడు రోజులు నాకు తన ఒంట్లో సంగతి పొల్లుపోకుండా చెప్పిన పిల్ల, నాలుగోసారి నోరు విప్పి తాగలేదంటే మాత్రం అది ఉత్తమాటగా వినిపించింది. షాపాయన మనవడి కబురు నమ్మాను, ఈ పిల్లను నమ్మలేదు. శాస్త్రం ఏమీ అడ్డు రాలేదు నాకక్కడ. ఆమె చిన్నది, ఆడపిల్ల, నా కింద ఆడే మనిషి. అంతే కారణం.

"ఇంక ఎప్పుడైనా ఒంట్లో బాగాలేదని నువ్వంటే ఆట ఆపేస్తాను" అన్నాను.

"గెలిచే ఆటైనా?"

"గెలిచే ఆటైనా."

"నాకోసమేనా, ఎవురన్నా గానీ ఆపుతారా?"

"ఎవరన్నా సరే."

ఆమె గిన్నెలో మిగిలిన ముక్కల్ని వేలితో ఒక పక్కకు జరిపింది. "మా నాన్న మళ్లీ పంపిస్తానంటున్నాడు, బడికీ, ఆటకీ. బడికొస్తానని చెప్పా. ఆట సంగతి నేను ఆలోచించుకుని చెప్తానండీ."

పదకొండు రోజులు ఆలోచించుకుంది. ఆ పదకొండు రోజులూ తరగతి కిటికీలోంచి కొత్త మట్టి పోసిన గ్రౌండుని చూస్తూ కూర్చునేది. వస్తావా అని నేను ఒక్కసారి కూడా అడగలేదు. పన్నెండో రోజు సాయంత్రం బెల్లు కొట్టాక, అన్న ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని వచ్చి, లైన్లో చివర నిలబడింది.

"ఇవ్వాళ కొంచెం నీరసంగా ఉందండీ" అంది, నా ముఖంలోకి చూస్తూ.

"అయితే కూర్చో" అన్నాను.

కూర్చుంది. మిగతా పిల్లల ఆట అయ్యేదాకా కూర్చునే ఉంది. మర్నాడు వచ్చి ఆడింది.